ఎనిమిది గోబ్లిన్లకు ఎనిమిది వంతులా, అన్నిటికీ కలిపి ఒకటేనా?

కూకట్‌పల్లి_గోబ్లిన్
మూడు నెలలుగా ఆదివారాలు మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆట; శత్రువులను నడిపించే డీఎంను నేను. ఐదో ఎడిషన్, 2014 నాటి పుస్తకాలు. ఆటగాళ్ళు నలుగురు: ఆఫీసు స్నేహితులు ఇద్దరు, మా ఆవిడ, మా బావమరిది.

మొదట్లో ప్రతి జీవికీ విడిగా ఇనిషియేటివ్, అంటే ఎవరి వంతు ముందో తేల్చే పాచిక, వేసేవాణ్ణి. ఎనిమిది గోబ్లిన్లు (చిట్టి రాక్షసులు), మూడు తోడేళ్ళు, నలుగురు మనుషులు. కాగితం మీద పదిహేను వరుసలు. "ఇప్పుడు ఐదో గోబ్లిన్... కాదు, అది చచ్చింది కదా, ఆరోది... ఆరోది ఎక్కడుంది?" అని నేను వెతుక్కుంటూ ఉంటే ఒకరు టీ పెట్టడానికి లేచారు, ఇంకొకరు ఫోను తీశారు. ఒక్క రౌండు ముప్పావు గంట పట్టింది.

విసుగొచ్చి కిందటి ఆదివారం పుస్తకంలో ఉన్నట్టే చేశాను. ఒకే రకం జీవులన్నిటికీ ఒకే పాచిక. ఇరవై ముఖాలది. 19 పడింది, డెక్స్టెరిటీ (చురుకుదనం) 2 కలిపితే 21. ఎనిమిది గోబ్లిన్లూ అందరికంటే ముందు కదిలి, ఎదురుగా ఉన్నవాడి మీద పడ్డాయి. ఆ ఎదురుగా ఉన్నవాడు మా బావమరిది. ఒకటో లెవెల్ విజార్డ్, అంటే మంత్రగాడు; ప్రాణం 8 హిట్ పాయింట్లు. రెండో గోబ్లిన్ దెబ్బకే కూలిపోయాడు. మూడోది, నాలుగోది పడినవాణ్ణే పొడిచాయి. స్పృహ లేనివాడికి ఐదడుగుల లోపు నుంచి తగిలిన దెబ్బ క్రిటికల్ (పెద్ద దెబ్బ), దెబ్బకు రెండు డెత్ సేవ్‌లు (బతికే అవకాశాలు) పోతాయి. రెండు దెబ్బలకు నాలుగు. మూడు పోతేనే మనిషి దక్కడు. ఒక్క వంతు కూడా రాకుండానే మా మంత్రగాడు చనిపోయాడు.

బావమరిది మూడు రోజులు మాట్లాడలేదు. తమ్ముడి తరఫున మా ఆవిడ రెండు రోజులు.

విడిగా వేస్తే నిద్ర, కలిపి వేస్తే హత్య. మీరందరూ ఎలా నెట్టుకొస్తున్నారు?

ఇరవై_పడింది
ఇంకా ముగ్గురు కత్తులు పట్టుకుని నిలబడి ఉండగా పడినవాణ్ణి పొడవడం ఎందుకండీ? తప్పు ఇనిషియేటివ్‌ది కాదు, మీది.

కూకట్‌పల్లి_గోబ్లిన్
ఒప్పుకుంటున్నాను. ఇంట్లో కూడా ఇదే తీర్పు వచ్చింది.

నిద్రపోయిన_డ్రాగన్
షీల్డ్ మంత్రం లేదా? అది రియాక్షన్, తన వంతు రాకముందే వేసుకోవచ్చు. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి చేసేవాడికి రావాల్సిన అంకె) ఒక్కసారి 5 పెరుగుతుంది. పైగా గుంపుగా వచ్చినప్పుడు ఒక్క షీల్డ్‌తో అందరినీ ఆపవచ్చు, విడివిడిగా వస్తే ఒక్కరినే ఆపుతుంది. అంటే ఒకే పాచిక వేయడం విజార్డ్‌కు లాభమే.

లెక్కల_మాస్టారు
ఆ చివరి మాట తప్పు, డ్రాగన్ గారూ. షీల్డ్ మీ తర్వాతి వంతు మొదలయ్యేదాకా ఉంటుంది. మీ రెండు వంతుల మధ్య గోబ్లిన్లు ఎలా వచ్చినా, కలిసి వచ్చినా చీలి వచ్చినా, తలా ఒక్కసారే కదులుతాయి. వేసిన క్షణం నుంచి ఆ రౌండంతా కాపాడుతుంది. గుంపుకు, షీల్డ్‌కు సంబంధం లేదు.

నిద్రపోయిన_డ్రాగన్
అవును, నిజమే. మళ్ళీ పడుకుంటాను.

కూకట్‌పల్లి_గోబ్లిన్
షీల్డ్ అతని పుస్తకంలో ఉంది, ఆ రోజు సిద్ధం చేసుకోలేదు. గుడ్లగూబను పెంచుకునే సంబరంలో ఉన్నాడు.

అరిటాకు_డీఎం
పెళ్ళి భోజనాలు ఎప్పుడైనా వడ్డించారా? మూడు వందల మంది వస్తే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టరు. ఒక్కొక్కరికీ విడిగా ఆకు వేయరు. బంతులు వేస్తారు. మొదటి బంతి లేస్తే రెండో బంతి. గోబ్లిన్లకూ అంతే.

నేను చేసేది చెబుతాను. ఒక బంతిలో నాలుగుకు మించి పెట్టను. ఎనిమిది ఉంటే రెండు బంతులు, బంతికి ఒక పాచిక. అయితే ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. రకాన్ని బట్టి విడగొడతారు: గోబ్లిన్లన్నీ ఒకటి, తోడేళ్ళన్నీ ఒకటి అని. నేను చోటును బట్టి విడగొడతాను. గుహ నోటి దగ్గర ఉన్నవి ఒక బంతి, పైన రాతి గట్టు మీద విల్లు పట్టుకున్నవి ఇంకో బంతి. అప్పుడు వాటి వంతు వచ్చినప్పుడు నా చూపు పటంలో ఒకే మూలకు వెళ్తుంది, వెతుకులాట ఉండదు. ఆటగాళ్ళకు కూడా "గట్టు మీదవి ఇప్పుడు వేస్తాయి" అని ముందే తెలుస్తుంది కాబట్టి జాగ్రత్త పడతారు.

బొమ్మలు కొనలేదు. చింతగింజలు. నల్లవి ఒక బంతి, అష్టాచెమ్మాకు అరగదీసినట్టు ఒక పక్క తెల్లగా అరగదీసినవి ఇంకో బంతి. గింజ మీద స్కెచ్ పెన్నుతో అంకె.

కూకట్‌పల్లి_గోబ్లిన్
బంతులు! ఈ మాట ఇంట్లో చెబితే అందరికీ వెంటనే అర్థమవుతుంది. "గ్రూప్ ఇనిషియేటివ్" అని నేను నెల రోజులు వివరించాను.

లెక్కల_మాస్టారు
పలకలు తీయండి.

నలుగురు ఆటగాళ్ళు, గోబ్లిన్లన్నీ ఒకే గుంపు. కలిపే అంకెలు అందరికీ ఒకటే అనుకుందాం, టైలు పక్కన పెడదాం. మొత్తం ఐదు చీట్లు. గుంపు చీటీ అన్నిటికంటే ముందు రావడానికి 5లో 1 అవకాశం. అంటే ఐదు పోరాటాలకు ఒకసారి బావమరిది కథ పునరావృతం.

అరిటాకు గారు చెప్పినట్టు రెండు బంతులు చేస్తే ఆరు చీట్లు. రెండు బంతులూ నలుగురి కంటే ముందు రావడానికి 15లో 1. రెండేసి చొప్పున నాలుగు బంతులు చేస్తే 70లో 1. ఎనిమిదికీ విడిగా వేస్తే 495లో 1.

ఇందులో ఒక చిత్రం ఉంది. విజార్డ్ కంటే ముందు కదిలే గోబ్లిన్లు సగటున నాలుగు. ఏ పద్ధతిలో వేసినా నాలుగే. సగటు కదలదు. "ఎనిమిదీ ఒక్కసారి మీద పడ్డాయి", "ఒక్కటీ కదలకముందే సగం చచ్చాయి" అనే రెండు కొసలు మాత్రం అరుదవుతాయి. ఒకటి నుంచి రెండుకు మారితేనే 20 శాతం కాస్తా 7 లోపుకు దిగింది. ఆ తర్వాత ఎంత విడగొట్టినా కాగితం పని పెరిగినంతగా లాభం పెరగదు.

ఉప్పాడ_ఓర్క్
మాస్టారూ, మీరు బడిలో కూడా ఇలాగే చెప్పి ఉంటే నేను లెక్కల్లో తప్పేవాణ్ణి కాదు.

ఇరవై_పడింది
లెక్క బాగుంది కానీ అది మొదటి రౌండు వరకే. రెండో రౌండు నుంచి ఎలాగూ మనం, వాళ్ళు, మనం, వాళ్ళు అని తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ముందు ఎవరు అన్నదానికి అర్థం లేదు.

కషాయం_క్లెరిక్
అర్థం ఉంది. నేను నాలుగేళ్ళుగా క్లెరిక్‌నే (గాయాలు మాన్పే పాత్ర) ఆడుతున్నాను, నాకు ఆరో రౌండులో కూడా తేడా తెలుస్తుంది.

మనిషి కూలడానికి, చావడానికి మధ్య ఎవరిదైనా ఒక వంతు రావాలి. ఆ సందులోనే నా హీలింగ్ వర్డ్ పని చేస్తుంది. బోనస్ యాక్షన్, 60 అడుగుల దూరం నుంచి, ఒక్క మాట. లేచి కూర్చుంటాడు. ఎనిమిది గోబ్లిన్లు ఒకదాని వెనుక ఒకటి, మధ్యలో ఎవరూ లేకుండా కదిలితే ఆ సందు ఉండదు. రెండోది కూల్చింది, నాలుగోది చంపింది, నేను చేతిలో పాచిక పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బంతులు రెండయితే మధ్యలో నాకు చోటు దొరికే వీలుంది.

కాబట్టి నా లెక్క వేరు. ఎవరు ముందు అన్నది కాదు, వరుసగా ఎన్ని దెబ్బలు ఆగకుండా పడతాయి అన్నది చూడండి.

అరిటాకు_డీఎం
దీనికోసమే పాచికలు వేశాక రెండు బంతులూ పక్కపక్కనే వస్తే నేను ఒకదాన్ని ఒక మెట్టు కిందికి జరుపుతాను. చెప్పే జరుపుతాను, దొంగతనంగా కాదు.

పాతపాచిక
మీరందరూ ఐదో ఎడిషన్ పిల్లలు. మా మేనమామ అమెరికా నుంచి తెచ్చిన 1981 నాటి బేసిక్ పెట్టెతో నేను మొదలుపెట్టాను. అందులో ఈ గొడవే లేదు. ఒక పక్షానికి ఒక ఆరు ముఖాల పాచిక. ఎక్కువ పడినవాళ్ళు ముందు. ప్రతి రౌండూ మళ్ళీ వేయాలి. ఎనిమిది గోబ్లిన్లయినా ఎనభై అయినా ఒకటే పాచిక. దాని తోడు ఎక్స్‌పర్ట్ పెట్టె ప్రకారం మంత్రం వేసేవాడు పాచిక పడకముందే చెప్పాలి, మధ్యలో దెబ్బ తగిలితే మంత్రం పోయినట్టే. వరుస కాగితమే అక్కర్లేదు.

2000లో మూడో ఎడిషన్ వచ్చి, పోరాటం మొదట్లో ఒకసారి వేసి అదే వరుసలో తిరగడం అలవాటు చేసింది. అప్పటి నుంచి డీఎంలు గుమాస్తాలయ్యారు.

ఇరవై_పడింది
ప్రతి రౌండూ మళ్ళీ వేస్తే ఒక పక్షానికి వరుసగా రెండు వంతులు రావా? ఈ రౌండులో చివర, వచ్చే రౌండులో మొదట. అప్పుడు కషాయం గారు చెప్పిన సందు ఇంకా పూడిపోతుంది. ఒక ఊపులో పదహారు దెబ్బలు.

పాతపాచిక
వస్తాయి. భయం ఉండేది. అందుకే పోరాటం మొదలుపెట్టే ముందు ఆలోచించేవాళ్ళం.

ఇరవై_పడింది
ఆలోచించి ఏం చేసేవారు?

పాతపాచిక
పారిపోయేవాళ్ళం.

ఉప్పాడ_ఓర్క్
:)

పాతపాచిక
నవ్వకండి. అవి కూడా పారిపోయేవి, అసలు సంగతి అదే. బేసిక్‌లో ప్రతి జీవికీ మొరేల్ అని ఒక అంకె ఉంటుంది. గోబ్లిన్‌కు 7. మొదటి చావు చూసినప్పుడు ఒకసారి, సగం మంది పోయినప్పుడు ఒకసారి రెండు పాచికలు వేస్తాం. మొరేల్‌కు మించి పడితే కాళ్ళకు బుద్ధి చెబుతాయి. మీ ఎనిమిది గోబ్లిన్లూ చివరిదాకా ఎందుకు నిలబడ్డాయి? వాటికి పెళ్ళాం పిల్లలు లేరా? వంతులు తగ్గించాలంటే వంతులు తీసుకునేవాళ్ళను తగ్గించండి.

లెక్కల_మాస్టారు
రెండు పాచికల మీద 8 లేదా అంతకు మించి పడడం 36లో 15. దాదాపు 42 శాతం. మొదటి గోబ్లిన్ చావగానే మిగతావి పారిపోయే అవకాశం ఇది. పాతపాచిక గారి మాట కొట్టిపారేయదగ్గది కాదు.

నిద్రపోయిన_డ్రాగన్
పారిపోయిన గోబ్లిన్లు ఇంకో ఇరవైని పిలుచుకొస్తే?

పాతపాచిక
అది వచ్చే ఆదివారం సంగతి.

జోకర్_కార్డు
పాచికలు వదిలేసి పేక తీయండి. సావేజ్ వరల్డ్స్ అనే ఇంకో ఆటలో ఇనిషియేటివ్ అంటే పేక ముక్కలే. ప్రతి ముఖ్యపాత్రకూ ఒక ముక్క, అనామకుల గుంపుకు గుంపుకు ఒక ముక్క. ఆసు నుంచి కిందికి రెండు దాకా లెక్కపెట్టుకుంటూ రావడమే. ఒకే అంకె రెండు వస్తే ఇస్పేటు ముందు, తర్వాత ఆఠీను, డైమను, చివర కళావరు. జోకర్ వచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు దూకవచ్చు, ఆ రౌండులో చేసే పనులకు 2 కలుస్తుంది. ప్రతి రౌండూ కొత్త ముక్కలు.

రాసుకోవడం సున్నా. ముక్క ఎదురుగా వెల్లకిలా పడి ఉంటుంది, ఎవరి వంతు ఎప్పుడో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. దీన్ని మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కూడా ఎత్తి పెట్టుకోవచ్చు, కాకపోతే డెక్స్టెరిటీ ఎక్కువ ఉన్నవాడు అలుగుతాడు. అతనికి రెండు ముక్కలు పంచి మంచిది ఉంచుకోమంటే సరి.

ఒక్కటే ఇబ్బంది. మేం ఇలా ఆడుతుండగా మా నాన్నగారు గదిలోకి తొంగిచూసి, "డబ్బులు పెట్టి ఆడటం లేదు కదా?" అని అడిగారు. తోడేళ్ళకు ఆఠీను రాణి వచ్చిందని వివరించబోయాను. వినకుండానే వెళ్ళిపోయారు.

ఆఖరి_వంతు
నేను ఎప్పుడూ డీఎం కాలేదు, ఆటగాణ్ణే. మా వైపు మాట కూడా వినండి. బంతులు వేసినా ఒక బంతి పూర్తవడానికి పది నిమిషాలు పడితే మాకు ఒరిగేదేమీ లేదు. మా డీఎం గుంపు వంతు వచ్చిందంటే ఒక్కో గోబ్లిన్‌కూ విడిగా నడిపిస్తాడు, విడిగా పాచిక వేస్తాడు, తగిలిందా అని విడిగా అడుగుతాడు, దెబ్బ విడిగా వేస్తాడు, ఆ పైన ఒక్కోదానికీ ఒక గొంతు.

డల్లాస్_డంజన్
దానికి మందు ఉంది. నాలుగు రంగుల 20 ముఖాల పాచికలు కొని నాలుగూ ఒకేసారి వేయమనండి. ఎర్రది గుమ్మం దగ్గర గోబ్లిన్, పచ్చది మెట్ల మీదది, అలా. దెబ్బకు పాచిక అక్కర్లేదు, గోబ్లిన్ దెబ్బ సగటు 5 అని పుస్తకంలోనే ఉంది. "ఎర్రది, నల్లది తగిలాయి, మొత్తం పది" అంటే అయిపోయింది. నిమిషం పని. గోబ్లిన్లు వేసి దాక్కుంటాయి కదా, దానికి కూడా బంతి మొత్తానికి ఒకే స్టెల్త్ పాచిక.

ఇంకా పెద్ద గుంపయితే 2014 డీఎం గైడ్‌లో గుంపు పట్టిక ఉంది. ఆర్మర్ క్లాస్ లోంచి దాడి అంకె తీసేయాలి. 18 ఆర్మర్ ఉన్న ఫైటర్ మీద గోబ్లిన్ దాడి 4 అయితే 14 పడాలి. 14కు పట్టిక ప్రకారం ముగ్గురు చుట్టుముడితే ఒక దెబ్బ తగులుతుంది. ఎనిమిది మందికి రెండు దెబ్బలు, అంటే 10. పాచికే లేదు.

మేం ఇక్కడ ఆడేది ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే, సగం మంది వేరే ఊళ్ళలో ఉంటారు. వరుస కంప్యూటరే పెట్టేస్తుంది. అయినా ఆలోచించే సమయాన్ని కంప్యూటర్ తగ్గించదు.

లెక్కల_మాస్టారు
ఆ పట్టిక కొంచెం మెతక. 14 పడే అవకాశం 35 శాతం, ఎనిమిదికి సగటున 2.8 దెబ్బలు. పట్టిక రెండే ఇస్తోంది. క్రిటికల్ లేనే లేదు. ఫైటర్లకు పండగ.

ఆఖరి_వంతు
మా డీఎం ఆ గొంతులు మానడు మాత్రం. ఒక గోబ్లిన్‌కు మా అపార్టుమెంటు సెక్రటరీ గొంతు పెట్టాడు. అది చచ్చినప్పుడు మాత్రం అందరం చప్పట్లు కొట్టాం.

కబడ్డీ_కాదు_ఖోఖో
పాప్‌కార్న్ పద్ధతి గురించి ఎవరూ చెప్పలేదేమిటి? 2012లో వచ్చిన మార్వెల్ హీరోయిక్ ఆటతో అందరికీ తెలిసింది. పాచికే లేదు. తన పని ముగించినవాడు తర్వాతివాణ్ణి పిలుస్తాడు. అచ్చంగా ఖోఖో. వీపు మీద తట్టి "ఖో" అంటే లేచి పరుగెత్తడమే. ఆ రౌండులో ఒకసారి లేచినవాణ్ణి మళ్ళీ పిలవకూడదు. చివర్లో మిగిలినవాడు వచ్చే రౌండు ఎవరు మొదలుపెట్టాలో చెబుతాడు.

ఇరవై_పడింది
ఆటగాళ్ళు తమలో తామే ఖో ఇచ్చుకుని నలుగురూ ముందే కదిలేస్తారు కదా.

కబడ్డీ_కాదు_ఖోఖో
కదలనివ్వండి. అప్పుడు చివర మిగిలేది గోబ్లిన్లే. వచ్చే రౌండు మొదలుపెట్టే హక్కు చివరి గోబ్లిన్‌ది. అది తన వాళ్ళనే పిలుస్తుంది. ఎనిమిది, మళ్ళీ ఎనిమిది. ఒక్కసారి ఆ దెబ్బ తిన్నాక ఆటగాళ్ళు మధ్య మధ్యలో వాళ్ళంతట వాళ్ళే గోబ్లిన్లకు ఖో ఇస్తారు. చూడటానికి భలే ఉంటుంది, చంపడానికి వచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలవడం.

కషాయం_క్లెరిక్
కొత్తవాళ్ళతో ఇది వద్దు. మా బల్ల దగ్గర ఒక అమ్మాయి నెమ్మదస్తురాలు, ఎవరూ ఆమెకు ఖో ఇవ్వరు. ప్రతి రౌండూ చివర్లో "అయ్యో, నువ్వున్నావు కదా" అంటారు. పాచికకు ఆ పక్షపాతం లేదు.

పాతపాచిక
ఇవన్నీ ఇనిషియేటివ్ అంటే భయపడేవాళ్ళ ఆటలు. 1981లోనే అయిపోయిన పనిని ప్రతి ఎడిషన్‌లోనూ పాడుచేసి, మళ్ళీ...

వేదిక_కాపలా
పాతపాచిక గారూ, ఎడిషన్ల యుద్ధానికి వేరే చర్చ ఉంది, అక్కడ మీవే 212 సందేశాలు ఉన్నాయి. ఇక్కడ గోబ్లిన్ల గురించే.

ఉప్పాడ_ఓర్క్
నాది చిన్న చిట్కా. డీఎం తెర పైఅంచుకు బట్టల క్లిప్పులు. ఒక్కో క్లిప్పు మీద ఒక పేరు, బంతికి ఒక క్లిప్పు. వంతు అయినవాడి క్లిప్పు చివరికి జరుపుతాను. అందరికీ కనిపిస్తుంది, "ఎవరిది ఇప్పుడు?" అనే ప్రశ్న మాయమైంది. ఇంట్లో బట్టలు మాత్రం మేడ మీద నుంచి ఎగిరిపోతున్నాయి.

ఇంకోటి. తోడేలు కరిస్తే మనిషి కింద పడే ప్రమాదం ఉంది, 11 సేవ్ (తప్పించుకునే పాచిక) తప్పితే. తోడేళ్ళ క్లిప్పు వెంటనే గోబ్లిన్ల క్లిప్పు వస్తే, లేచే వంతు రాకముందే పడినవాడి మీద గోబ్లిన్లన్నీ అడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి మంచిది ఉంచుకుని) దిగుతాయి. మూడు తోడేళ్ళతో మొదలైన పోరాటాన్ని నేను ఇలాగే నాశనం చేశాను. ఆ రెండు బంతుల మధ్య కనీసం ఒక మనిషి ఉండాలి.

నిద్రపోయిన_డ్రాగన్
పాచికే వేయకుండా 10కి డెక్స్టెరిటీ కలిపి స్థిరంగా పెట్టేయవచ్చు కదా? గోబ్లిన్‌కు 12. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌లో ప్రతి జీవి దగ్గరా ఆ అంకె అచ్చువేసే ఇచ్చారు. గోబ్లిన్లకు 21 రావడం అనే బాధ ఉండదు.

అరిటాకు_డీఎం
చేసి చూశాను. నాలుగు వారాల తర్వాత ఆటగాళ్ళకు 12 నోటికొచ్చింది. 13 పడగానే "హమ్మయ్య" అని ఊపిరి పీలుస్తున్నారు. ఆ క్షణం ఉత్కంఠ పోయింది. మధ్యరకం శత్రువులకు ఫరవాలేదు, నాయకుడికి మాత్రం పాచిక వేయండి.

ఎనిమిది_హిట్_పాయింట్లు
బావా, ఈ చర్చ గురించి అక్క చెప్పింది. ఖాతా తెరిచి మరీ వచ్చాను.

మూడు రోజులు కాదు, ఒకటిన్నర రోజే మాట్లాడలేదు. అది కూడా చచ్చినందుకు కాదు. ఆటలో చావడం నాకు తెలియనిదేమీ కాదు. అంతకు ముందు వారం నువ్వు పదిహేను వరుసలు రాసుకుంటూ ఉంటే ముప్పావు గంటకు ఒకసారి నా వంతు వచ్చింది. ఈ వారం అసలు రాలేదు. మధ్యాహ్నం రెండింటికి బస్సెక్కి మీ ఇంటికి వచ్చాను, సాయంత్రం ఆరింటికి తిరిగి వెళ్ళాను. ఈ నాలుగు గంటల్లో నేను వేసిన పాచిక ఇనిషియేటివ్‌ది ఒక్కటే. 6 పడింది.

గుడ్లగూబ సంగతి అందరికీ చెప్పడం అవసరమా?

కషాయం_క్లెరిక్
చూశారా. బాధ దెబ్బల గురించి కాదు, వంతు గురించి.

కూకట్‌పల్లి_గోబ్లిన్
తప్పు నాదే. ఈ ఆదివారం భోజనానికి కూడా రా. అక్క గుత్తివంకాయ చేస్తుంది.

ఎనిమిది_హిట్_పాయింట్లు
మొదటి బంతిలోనే కూర్చుంటాను.

డల్లాస్_డంజన్
ఆదివారం ఏమైందో వచ్చి చెప్పాలి మరి. మాకు ఇక్కడ ఆదివారం తెల్లవారుజాము అవుతుంది, మేలుకునే ఉంటాం.

కూకట్‌పల్లి_గోబ్లిన్
ఆడాం. ఇప్పుడే అందరూ వెళ్ళారు.

బావమరిది కొత్త విజార్డ్‌తో వచ్చాడు. చనిపోయినవాడి కవల తమ్ముడట. వివరాల కాగితం కూడా అదే, పేరులో ఒక్క అక్షరం మార్చాడు. షీల్డ్ సిద్ధం చేసుకున్నాడు, స్లీప్ కూడా.

పాత గుహే, గోబ్లిన్లు ఎనిమిదే. చింతగింజలకు కిరాణా కొట్టుకు వెళ్తే ఒక్క గింజ దొరకలేదు, గింజ తీసిన చింతపండే అమ్ముతున్నారు. శనగలు, బొబ్బర్లు వాడాను. శనగలు గట్టు మీద, బొబ్బర్లు గుమ్మం దగ్గర. తోడేళ్ళకు జీడిపప్పు. శనగలకు 9, బొబ్బర్లకు 18, తోడేళ్ళకు 7 పడ్డాయి. ఓర్క్ గారు చెప్పారని తోడేళ్ళ తర్వాత, మళ్ళీ బొబ్బర్ల వంతు రాకముందు మా ఆవిడ క్లెరిక్ ఉందో లేదో చూశాను. 6తో ఉంది. నేను ఏమీ జరపనక్కర్లేకపోయింది.

బొబ్బర్లు ముందు కదిలాయి. రెండు ఫైటర్ మీదికి, రెండు విజార్డ్ మీదికి పంపాను. విజార్డ్ షీల్డ్ వేశాడు, ఒకటి తప్పింది, ఒకటి తగిలింది. 8లో 3 మిగిలాయి. తన వంతు రాగానే గట్టు మీద గుమిగూడి ఉన్న శనగల మీద స్లీప్ వేశాడు. ఐదు ఎనిమిది ముఖాల పాచికలు, 24 వచ్చింది. గోబ్లిన్‌కు 7 చొప్పున మూడు నిద్రపోయాయి. ఒకే చోట కూర్చోబెట్టడం వల్ల ఇలా కూడా జరుగుతుందని అరిటాకు గారు ముందే హెచ్చరించి ఉండాల్సింది.

మొదటి గోబ్లిన్ చావగానే పాతపాచిక గారి మొరేల్ వేశాను. 6. నిలబడ్డాయి. సగం పోయాక మళ్ళీ వేస్తే 10, మెలకువగా ఉన్నవి పారిపోయాయి. మొత్తం నాలుగు రౌండ్లు, యాభై నిమిషాలు. కిందటి నెల ఒక్క రౌండుకు పట్టిన సమయం కంటే ఐదు నిమిషాలే ఎక్కువ.

ఒక్క నష్టం. రెండో రౌండు తర్వాత తోడేలు ఒకటి తగ్గింది. ఎవరు చంపారని అడిగాను. ఫైటర్ ఆడే ఆయన నములుతున్నాడు.

అరిటాకు_డీఎం
అందుకే చింతగింజలు అన్నాను.

లెక్కల_మాస్టారు
ఐదు ఎనిమిది ముఖాల పాచికల సగటు 22.5. మూడు గోబ్లిన్లకు 21 చాలు. బావమరిదికి అదృష్టం పెద్దగా కలిసిరాలేదు, లెక్క కలిసొచ్చింది అంతే.

ఎనిమిది_హిట్_పాయింట్లు
మాస్టారూ, ఆ మాట అక్కకు వినపడనివ్వకండి. వారం రోజులు నా ప్రతాపం గురించి చెప్పుకోవాలని ఉంది.

అన్నట్టు వచ్చే నెల ఒక ఆదివారం నేను ఆడిస్తాను. బావ ఆటగాడు. పన్నెండు జాంబీలు అనుకుంటున్నాను. ఎన్ని బంతులు వేయమంటారు?

ఉప్పాడ_ఓర్క్
మూడు. జాంబీకి డెక్స్టెరిటీ −2, ఎలాగూ చివరే వస్తాయి. కానీ చచ్చిన ప్రతిసారీ అది మళ్ళీ లేస్తుందా అని ఒక సేవ్ వేయాలి, అక్కడ సమయం తింటాయి. రంగు పాచికలు ముందే కొనిపెట్టుకో తమ్ముడూ.

కూకట్‌పల్లి_గోబ్లిన్
నాకు ఎన్ని హిట్ పాయింట్లు ఇస్తావో ముందు అది చెప్పు.